పన్నెండు గొర్రెల సంగతి

ఐలేశం చేతికి ఏ కాగితం ఇచ్చినా నాలుగు రోజుల్లో కంఠతా పట్టేసేవాడు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో మౌల్వీ సాబు ముందు చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. పోలీసు చర్య తర్వాత బడి తెలుగులోకి మారితే తెలుగులో అప్పజెప్పాడు. హైదరాబాదులో పశువైద్య కళాశాలలో చేరాక అంతా ఇంగ్లీషే అయింది, అక్కడ ఇంగ్లీషులోనూ అప్పజెప్పాడు. భాషలు మారాయి గాని పద్ధతి మారలేదు. పరీక్షలు పెట్టేవాళ్లు కూడా పాపం ఆ పద్ధతికి ఏనాడూ అడ్డు చెప్పలేదు. కాబట్టి కట్టంగూరు దగ్గరి పల్లెలో పుట్టిన, గొర్రెలు కాసే కురుమల పిల్లవాడు దర్జాగా ఆఖరి సంవత్సరం దాకా వచ్చేశాడు.

అడ్డు చెప్పింది అమరేందర్ సారు. ఆయన గొర్రెల జబ్బుల గురించి చెప్పేవారు. ఆఖరి సంవత్సరం వాళ్లకు తలా ఒక పరిశోధన వ్యాసం ఇచ్చి, చదివి అర్థం చేసుకుని, శనివారం సభలో అధ్యాపకులందరి ముందు చెప్పమనేవారు. ఆ ఏడు, అంటే అరవై ఒకటిలో, ఈ శనివారాలకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. పాలమూరు వైపు కొత్తగా ఒక గొర్రెల ఫారం పెడుతున్నారు. దాన్ని సారుకే అప్పగించారు. అక్కడ పరిశోధనలో తోడుండటానికి ఈ కుర్రాళ్లలోంచి ఒక్కణ్ణి తీసుకుంటానని ఆయన చెప్పారు.

ఆ ఒక్కడు తానే కావాలని ఐలేశానికి ప్రాణం కొట్టుకుంది. అతనికి పదేళ్లప్పుడు ఒక వానాకాలం వాళ్ల మందలో అరవై గొర్రెలు దవడ కింద నీరు దిగి చచ్చాయి. తండ్రి గుర్వయ్య రోజుకు రెండు మూడింటిని మోసుకెళ్లి పాతిపెట్టి వచ్చేవాడు. ఆ ఏడంతా ఇంట్లో ఎవరూ నవ్విన గుర్తు లేదు. ఐలేశం పశువైద్యానికి రావడానికి ఆ ఏడే కారణం. సారు అతనికిచ్చిన వ్యాసం కూడా సరిగ్గా ఆ జబ్బు మీదే. నత్తలున్న నీటి అంచుల్లో మేసిన గొర్రెల కార్జంలో జలగలు చేరతాయి కదా, వాటికి ఒక కొత్త మందు వేసి చూశారట. రాసినవాళ్లు ముగ్గురు. రెండో పేరు అమరేందర్ సారుదే. ఆయన కుర్రతనంలో దక్షిణాన ఏదో ఫారంలో పనిచేసినప్పటి సంగతి అది.

ఇక మన ఐలేశం పన్నెండు పేజీలనూ మింగేశాడు. శనివారం సభలో నిలబడి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రచయితల పేర్లు చెప్పాడు, సారు పేరు దగ్గర తల వంచి దండం కూడా పెట్టాడు. 'రెండవ పట్టిక చూడుడు' అన్న చోట 'రెండవ పట్టిక చూడుడు' అనే అన్నాడు. అడుగున ఉన్న సూచికల అంకెలు వదల్లేదు. చివర్లో ఫారం కాపలావాడికి చెప్పిన కృతజ్ఞతలు కూడా వదల్లేదు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వెనక వరసలో ఇద్దరు నోటికి రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు.

సారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"మందు వెయ్యని గొర్రెలు ఎన్ని?"

ఆ అంకెను ఐలేశం తన నోటితోనే ఇందాక చెప్పాడు. కాని అది ఎక్కడో మధ్యలో ఉంది, మధ్యలోకి దూకడం అతనికి రాదు. పెదాలు కదుపుతూ మొదటి వాక్యం నుంచి గొణుక్కుంటూ బయల్దేరాడు. మూడో వాక్యానికల్లా హాలంతా పగలబడి నవ్వింది.

సారు చెయ్యెత్తి నవ్వు ఆపించారు. "ఐలేశం, నువ్వు దీన్ని చదవలేదయ్యా, మోసుకొచ్చావు. దసరా సెలవులయ్యాక మొదటి శనివారం మళ్లీ చెప్పు. అప్పుడూ ఇదే తంతు అయితే ఫారానికి నేను ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నారు. తిట్టినట్టు కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని ఐలేశానికి బస్సులో కట్టంగూరు దాకా అనిపిస్తూనే ఉంది.

ఇంటికి వచ్చినవాడు పండగ పూట కూడా ఆ కాగితాలను వదల్లేదు. ఈసారి ఒక్కో మాటకూ నిఘంటువు చూసి, మాట నెత్తిన తెలుగు అర్థం రాసుకుంటూ పోయాడు. మూడు రోజులకు పేజీ నల్లగా అయింది. ఇంగ్లీషూ కనబడదు, తెలుగూ కనబడదు. 'అయినప్పటికీ' అన్న మాట అర్థం తెలిసింది, దేనికి అయినప్పటికీయో తెలియలేదు. చెట్టంత మనిషి అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే, లోపలి నుంచి వచ్చిన గుర్వయ్య తల్లి, అతని అవ్వ బీరమ్మ చూసింది.

"ఏందిరా, కాయితం జూసి ఏడుస్తున్నవ్? ఎవలన్న సచ్చిండ్రని రాసిండ్రా?"

"గొర్లు సచ్చినయని రాసిండ్రే అవ్వా."

"ఎవలయి?"

"ఎవలయో. నాకు సమజైతలేదు."

"గొర్ల ముచ్చట నీకు సమజ్ గాకుంటే ఇంకెవలకైతదిరా" అంటూ ఆమె కర్ర తీసుకుని దొడ్డి వైపు వెళ్లిపోయింది. అవ్వకు డెబ్బై దాటాయి. నడుం వంగింది గాని మందకు ఇప్పటికీ ఆమే పెద్ద. ఐలేశం కూడా కాగితాలు పట్టుకుని వెనకాలే నడిచాడు.

గొర్రెలను పొద్దున్నే తోలరు. గడ్డి మీద మంచు ఆరాలి, అప్పటిదాకా దొడ్డిలోనే ఉంచుతారు. కురుమలకు ముచ్చట్లకు దొరికే వేళ అదే. గుర్వయ్య ఒక పక్క గొర్రెల గిట్టలు చూసుకుంటున్నాడు. అప్పుడే పొరుగు మంద ఎల్లస్వామి వచ్చాడు. మోత్కూరు వైపు మేత ఎట్లా ఉందో చూసి రమ్మని పంపితే వారం తిరిగి వచ్చాడు. ఇక్కడి మెట్ట చెల్కల్లో గడ్డి అయిపోవస్తోంది, మంద కదిలే రోజు దగ్గరపడింది. అతను గొంగడి దులిపి భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని, పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, ఏం గడ్డి అనుకున్నవ్! నా మోకాలు దాంక ఉన్నది. ఒక సెరువు కింద జాగా. నేను పోయేటాల్లకు..."

"గడ్డి ముచ్చట తర్వాత జెప్పు," బీరమ్మ కర్రతో నేలను తట్టింది. "గాడ ఇప్పుడెవల మంద ఉన్నది?"

"నకిరేకల్లు దిక్కోల్లది."

"ఎన్ని తోలుకొచ్చిండ్రు?"

"మున్నూరు."

"ఇప్పుడెన్ని ఉన్నయ్?"

ఎల్లస్వామి తల గోక్కున్నాడు. "రెండు నూర్ల డెబ్బై గావొచ్చు."

"పోయిన ముప్పై ఏడ నీళ్లు తాగినయ్?"

"సెరువుల్నే."

"నీ కండ్లతోని జూసినవా, ఎవలన్న జెప్పిండ్రా?"

"జూసిన పెద్దమ్మా. రెండిటికి దవడ కింద సంచి లెక్క నీళ్లు దిగినయ్."

"మరి గడ్డి మోకాలు దాంక ఉంటే మనకేందిరా?" అని ఆమె అంబలి ముంత అతని ముందు పెట్టింది. ఎల్లస్వామి నవ్వి తాగాడు. గుర్వయ్య గిట్టల మీది చూపు ఎత్తకుండానే, ఈసారి గుట్ట పక్కకే పోదామన్నాడు. మందను కదిలించే పని అయిదు ప్రశ్నల్లో తేలిపోయింది.

ఐలేశం ఆ ముగ్గురినీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇదేమీ కొత్త కాదు. జాగా చూసి వచ్చినవాణ్ణి పెద్దలు ఇట్లాగే అడుగుతారు. అతని ముచ్చటను మొదటి నుంచి ఎవరూ వినరు. వింటే గడ్డి గురించే చెబుతాడు మరి, తిరిగి వచ్చినవాడికి తన తిరుగుడు వృథా కాలేదని చెప్పుకోవాలని ఉంటుంది. ఐలేశం పుట్టినప్పటి నుంచి వింటున్న మాటలే ఇవి. కాని చేతిలో ఈ పన్నెండు పేజీలు పట్టుకుని విన్నది ఇదే మొదటిసారి.

"అవ్వా," అన్నాడు. "గీ కాయితాన్ని గూడ గట్లనే అడుగు."

"కాయితాన్నా?"

"అవ్. నువ్వడుగు, నేను ఇండ్ల జూసి జెప్త."

బీరమ్మకు సరదా పుట్టింది. బండ మీద సర్దుకుని కూర్చుంది. "ఎన్ని గొర్లు?"

ఐలేశం మొదటి పేజీ తీయబోయి ఆగాడు. మొదటి పేజీలో అంతా ఆ జబ్బు ఎంత పెద్దదో, ఎన్ని దేశాల్లో ఉందో అన్న ముచ్చటే. అంకెలన్నీ ఒక్కచోట దొరికేది పట్టికల్లోనే. పట్టికలను అప్పజెప్పడం కుదరదని అతను వాటి జోలికే పోలేదు. ఇప్పుడు పేజీలు వరసగా కాకుండా నచ్చినట్టు తిప్పాడు. ఏదో దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది.

"రెండు నూర్లు. నూటికి మందు ఏసిండ్రు, నూటికి ఎయ్యలే."

"ఏసినయి ఎన్ని సచ్చినయ్?"

"ఎనిమిది."

"ఎయ్యనియి?"

"ముప్పై ఒకటి."

గుర్వయ్య గిట్ట వదిలేసి లేచి వచ్చాడు. "మంచి మందే గదరా!" అన్నాడు. అరవై గొర్రెలను పాతిపెట్టిన మనిషి, ఆ మాట అనేటప్పుడు అతని ముఖం వెలిగింది. ఐలేశానికి కూడా సంతోషం ముంచుకొచ్చింది. మూడు వారాలుగా తల బద్దలు కొట్టుకున్న వ్యాసం, నిఘంటువు లేకుండా, మూడు మాటల్లో అర్థమైపోయింది.

బీరమ్మ మాత్రం ఇంకా లేవలేదు. "ఏడ నీళ్లు తాగినయ్?"

ఆ జవాబు కోసం ఐలేశానికి చాలాసేపు పట్టింది. పట్టికలో లేదు. ముగింపులో లేదు. పని ఎట్లా చేశారో చెప్పే భాగంలో, చిన్న అక్షరాల మధ్య ఒక వాక్యం దొరికింది. మందు వేసిన వాటి పెంటికలను రోజూ చూడాలి కాబట్టి వాటిని కొట్టాల్లోనే కట్టి, కోసుకొచ్చిన గడ్డి వేసి, బావి నీళ్లు తాగించారట. వెయ్యని వాటిని ఎప్పటిలాగే చెరువు వైపు మేతకు తోలారట.

అతను ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాడు. ఆమె బోడి నోటితో నవ్వింది.

"అయితే బతికించింది మందారా, బాయి నీళ్లా?"

గుర్వయ్య ముఖంలో వెలుగు తగ్గింది. ఐలేశం మళ్లీ మొదటి పేజీ తిప్పి పేర్లు చూశాడు. అందరూ ఒప్పుకుని, అచ్చు వేసి, కళాశాలలో పాఠంగా చెబుతున్న వ్యాసం ఇది. ఆ మూడు పేర్లలో రెండోది తనను ఫారానికి తీసుకోవాల్సిన మనిషిది.

"అవ్వా, ఇది రాసింది మా సారే."

"మంచిదాయె. సారునే అడుగు."

"అందరి ముంగట అడిగితే కోపమొస్తది. ఇంక నన్ను పాలమూరు తోలుకపోడు."

"ఎల్లస్వామికి నా మీద కోపమొచ్చిందా?"

"ఎల్లస్వామి వేరు, సారు వేరు."

అప్పుడు గుర్వయ్య అందుకున్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. "బిడ్డా, నువ్వు అడగకుంట కొలువు తెచ్చుకున్నవనుకో. రేపు గదే మందు దెచ్చి మన గొర్లకు పోస్తవ్. బతుకుతయని నేను సెరువు దిక్కు తోల్త. సచ్చినంక నేను నిన్ను అడగాలె. గప్పుడేం జెప్తవ్?"

మంచు ఆరింది, మంద కదిలింది. మిగిలిన సెలవు రోజులన్నీ ఐలేశం మందతో పాటే గుట్ట పక్కన తిరిగాడు. వ్యాసాన్ని వెనక నుంచి ముందుకు, మధ్య నుంచి చివరికి, ఏ ప్రశ్న తడితే ఆ వైపు నుంచి చదివాడు. తెలియని మాట వస్తే, దానితో పని పడితేనే నిఘంటువు తీశాడు. తీయాల్సి వచ్చింది పదకొండు సార్లే.

శనివారం వచ్చింది. ఈసారి ఐలేశం చేతిలో ఉన్నది అరఠావు కాగితం. వెనక వరసలో మళ్లీ రుమాళ్లు సిద్ధమయ్యాయి. అతను ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఎన్ని గొర్రెలు, ఏం చేశారు, ఎన్ని చచ్చాయి, అన్నీ కలిపి అయిదు నిమిషాల్లో చెప్పాడు. నీళ్ల సంగతి దగ్గరికి వచ్చేసరికి అతని ఇంగ్లీషు ఆగిపోయింది.

"తెలుగులో చెప్పవయ్యా, పర్వాలేదు" అన్నారు సారు.

చెప్పాడు. రెండు గుంపులకూ తేడా మందొక్కటే కాదని, మేతా వేరు, నీళ్లూ వేరని చెప్పాడు. పాలమూరు ఫారం కళ్లముందే దూరమైపోతున్నట్టు ఉంది. ముందు వరసలో పెద్ద అధ్యాపకుడొకాయన దగ్గాడు. వెనక వరసలో రుమాళ్లు కిందికి దిగాయి.

అమరేందర్ సారు ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం వచ్చింది, అందులో అనుమానమేమీ లేదు. "తొమ్మిదో పేజీ అడుగున ఒక చిన్న వివరణ ఉంది, చూశావా? మందు వెయ్యని వాటిలో పన్నెండింటిని మేం కూడా కొట్టంలోనే ఉంచాం" అన్నారు.

"చూసిన సార్."

"మరి?"

"గా పన్నెండిట్ల ఒక్కటే సచ్చింది సార్. బయట మేసిన ఎనభై ఎనిమిదిట్ల ముప్పై సచ్చినయ్."

సారు మెల్లగా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన గొంతు తగ్గింది. "అంటే మందు పనిచేయదు, బావి నీళ్లే వాటిని కాపాడాయి. అంతేనా నువ్వనేది?"

అవునంటే సరిపోయేది. అవ్వ అన్నదీ అదే, హాలంతా ఎదురుచూస్తున్నదీ అదే. ఐలేశం నోరు తెరిచాడు కూడా. కాని వారం రోజులు వెంట నడిచిన మంద అతనికి అడ్డం వచ్చింది. కొట్టంలో ఉంచిన పన్నెండు ఏవి? వాళ్ల ఇంట్లోనైతే కొత్తగా ఈనినవాటిని, కుంటివాటిని ఇంటి దగ్గర ఉంచుతారు. ఇంకొకరు బలిసినవాటిని ఉంచుకుంటారు. ఏరినవాడి చేతిని బట్టి లెక్క మారిపోతుంది.

"తెల్వదు సార్," అన్నాడు.

"ఏమిటి తెలియదు?"

"మందు పనిజేసిందో లేదో తెల్వదు. నీళ్లే కాపాడినయో గూడ తెల్వదు. పన్నెండు తక్కువ సార్. మల్ల గా పన్నెండిటిని ఎవలేరిండ్రో, ఎట్లేరిండ్రో ఇండ్ల రాయలే."

సారు బల్ల మీది వ్యాసం తీసి తొమ్మిదో పేజీ తిప్పారు. ఆ చిన్న వివరణను వేలు పెట్టి చదివారు. మళ్లీ చదివారు.

"వాటిని ఏరింది నేనే" అన్నారు. "అప్పుడు నాకు నీ వయసే ఉంటుంది. ఎందుకు వాటినే ఏరానో ఎంత ఆలోచించినా నాకే గుర్తు రావడం లేదు."

ఆ మాట చెప్పి ఆయన ఫక్కున నవ్వారు. ముందు వరస ఏం చేయాలో తోచక కాస్త ఆగి నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. ఈ నవ్వులో ఐలేశం కూడా ఉన్నాడు. సారు వ్యాసం మడిచి అతని చేతిలో పెట్టారు. "జూన్ మొదటి వారంలో పాలమూరు వచ్చెయ్. ఈ పని మళ్లీ మొదటి నుంచి చేద్దాం. అన్నీ ఒకే చోట మేయాలి, ఒకే నీళ్లు తాగాలి. ఏరేది చీట్లు వేసి ఏరుదాం" అన్నారు. ఐలేశానికి దండం పెట్టాలని కూడా గుర్తు రాలేదు. సంతోషంతో అట్లాగే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రమే కార్డు రాశాడు. అది చేరేసరికి మూడు రోజులు పట్టింది. బడి పంతులు బాలయ్య గుట్ట పక్కన కొత్తగా వేసిన దొడ్డి దగ్గరికే వచ్చి గట్టిగా చదివి వినిపించాడు. సారును అడిగాననీ, కోపం వచ్చి పోయిందనీ, కొలువు దొరికిందనీ ఉంది. గుర్వయ్య తలగుడ్డ తీసి కళ్లొత్తుకున్నాడు. బీరమ్మకు మాత్రం అసలు సంగతి కావాలి.

"నీళ్లా, మందా? తేలిందా? గది సదువు."

బాలయ్య కార్డు అంచున ఇరికించి రాసిన ఆఖరి వరస చదివాడు. "'అవ్వా, నువ్వన్నది నిజమో కాదో ఇంకా తెల్వదు' అని రాసిండు."

"తెల్వదా?" ముసలమ్మకు మండింది. "గన్నేండ్లు సదివి, పట్నంల పెద్దోల్లందరి ముంగట నిలవడి, తెల్వదని జెప్పిండా వీడు? గా మాట నేనీడ కూసోని జెప్పకపోదునా!"

పంతులు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినకుండా కర్ర తీసుకుని లేచి, దొడ్డి తడిక జరిపింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తుంటే వేలితో లెక్కపెట్టుకుంటూ నిలబడింది. సగం మంద దాటాక ఆ వేలు ఆగిపోయింది.

"గుర్వయ్యా," అంది. "తెల్వదన్నందుకే కొలువిచ్చిండ్రా?"

"గట్లనే ఉన్నదే అవ్వా."

ఆమె ముడతల ముఖమంతా మెల్లగా నవ్వైంది. "అయితే మంచి సారే. పోనీ, తెల్సుకోని రమ్మను" అని, ఎక్కడిదాకా లెక్కపెట్టిందో మరిచిపోయి, మందను మళ్లీ వెనక్కి మళ్లించమంది.